నాలుగో గల్లీ గాలి

అశ్విని కార్తె, మొదటి రోజు

ఇవాళ్టి నుంచి చల్లగదికి కాపరిని నేను. పేరు ఓదెలు. చదువు ఏడో తరగతి, అదీ రెండుసార్లు. గదిలో జరిగిందంతా కాపరి రాయాలని రూలు. చదివేవాళ్ళు ఎవరో రూల్లో లేదు. అందుకని నాకు నచ్చినట్టే రాస్తాను.

ఈ పని నాకెందుకు ఇచ్చారో పెద్ద సర్దార్ మొండయ్య అందరి ముందే చెప్పాడు. "వీన్ని బయట ఇడిస్తె ఒకని చెప్పుల జీడి రాస్తడు, ఇంకొకని దుప్పట్ల చీమలు పోస్తడు. లోపల కూసోబెడితె కొట్లాడినోళ్ళను నవ్విస్తడు." మెచ్చుకున్నాడో తిట్టాడో తెలియలేదు. జీతం మాత్రం ఉంది.

పని చిన్నదే. గల్లీల్లో ఎవరైనా కొట్టుకుంటే పట్టుకొచ్చి నా ముందు కూర్చోబెడతారు. నేను మజ్జిగ ఇస్తాను. గోడ మీద మనసు డాక్టర్లు ఎప్పుడో రాసిచ్చిన ఎండ పాఠం ఉంటుంది, అది చదివిస్తాను. "వేడికి గుండె దడదడలాడును. మనసు దానికి కారణం వెతుకును. ఎదురుగా ఎవరుంటే వారే కారణమని తోచును." చదివాక, చల్లబడ్డాక, ఒకే ఒక్క ప్రశ్న అడగాలి: ఎంత మిగిలింది? పోయిన కోపం ఎండది, దానికి శిక్ష లేదు. మిగిలిన కోపం మనిషిది, దాన్ని పెద్దల ముందు పెట్టాలి. ఇంతవరకు మిగిలిందన్నవాడు లేడని పాత కాపరి గొప్పగా చెప్పి వెళ్ళాడు.

ఒక్క ఎండాకాలంలో మూడుసార్లు ఈ గదికి వచ్చినవాళ్ళని మాత్రం పగటి పైపనికి పంపుతారు. నేల పైన మట్టిగుట్ట మీద, పట్టపగలు, ఎండతో కరెంటు చేసే పలకల మీది దుమ్ము తుడవాలి. పోయినవాళ్ళు తిరిగి వస్తారు కానీ పోయినవాళ్ళలాగా రారు.

మా ఆమె రాజవ్వకు ఎండ పాఠం కంఠతా వచ్చు. "నా గుండె దడదడ కొట్టుకుంటాంది, ఎదురుంగ నువ్వే ఉన్నవ్. డాక్టర్లు గూడ నీ పేరే చెప్పిన్రు" అంటుంది.

ఒకప్పుడు ఈ బాయిలోకి, అంటే గనిలోకి, దిగి బొగ్గు తవ్వి పైకి పంపేవారట. ఆ బొగ్గు కాలి కాలి పైన బతకలేకుండా అయింది కనుక, ఇప్పుడు ఊరంతా వచ్చి అది తీసిన బొక్కలోనే దూరాం. నవ్వొస్తుంది కానీ నవ్వితే చెమట పడుతుంది.

భరణి కార్తె

గిరాకీ పెరిగింది. అన్ని గల్లీల వాళ్ళూ వస్తున్నారు. బకెట్టు కోసం అన్నదమ్ములు. దండెం కోసం తోటికోడళ్ళు. ఒకడైతే తన నీడ మీద కాలు పెట్టాడని ఇంకొకడి చెవి కొరికాడు.

నేనొక బల్ల తయారు చేశాను. రెండు చివర్లా కాళ్ళు తీసేసి మధ్యలో ఒక్క దుంగ పెట్టాను. కొట్టుకున్న ఇద్దరూ చెరో చివర కూర్చోవాలి. ఒకడు కోపంగా లేస్తే రెండోవాడు దభీమని కింద పడతాడు, బల్ల లేచి మొదటివాడి తొడకు తగులుతుంది. రెండు దెబ్బలు తిన్నాక ఎంత వైరం ఉన్నా ఒకరినొకరు అడిగి లేస్తున్నారు. డాక్టర్ల పాఠం కన్నా నా బల్లే నయం.

ఇవాళ నాలుగో గల్లీ స్వరూప వచ్చింది. పైపనికి పోయేవాళ్ళకు గోనె చొక్కాలు కుట్టే మనిషి. నెమ్మదస్తురాలు. పక్కింటామె మీద బిందెడు నీళ్ళు కుమ్మరించిందట. బాయిలో నీళ్ళు పారబోయడమంటే మాటలా.

"నన్ను చూసి నవ్వింది ఓదెలన్నా. నా కుట్టు చూసి పక్కకు తిరిగి నవ్వింది" అంది.

మజ్జిగ తాగింది. పాఠం చదివింది. కాసేపటికి చల్లబడింది. గోడకేసి చూస్తూ, "నవ్వలేదేమో అన్నా. ఆవులించిందేమో" అంది.

"ఎంత మిగిలింది?"

"ఏం లేదు." వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది. "గిది ఒకటోసారి గదా. మూడు కావద్దన్నా. పోయినేడు వడదెబ్బ తగిలి మూతి వంకరవోయింది, తెలుసు గద. ఇంకోటి తగిలితె లేవ."

జనం ఎక్కువై గది వెచ్చబడుతోందని సాయంత్రం మొండయ్యకు చెప్పాను. ఆయన అక్కడికక్కడే గాలి మేస్త్రి రాయమల్లును పిలిచి, చల్లగదికి గాలి పెంచమన్నాడు. అడిగినవి ఇంత త్వరగా జరగడం నా జీవితంలో ఇదే మొదలు.

కృత్తిక కార్తె

మళ్ళీ రెండుసార్లు గాలి పెంచాక చల్లగది ఇప్పుడు నిజంగా చల్లగది. గాలి తూము ముందు కట్టిన కాగితం ముక్క పగలంతా జెండాలా రెపరెపలాడుతోంది. ఇది చూసి పెద్దలు ఐదుగురూ తమ సభను ఇక్కడికే మార్చారు. సభ అయ్యాక మధ్యాహ్నం నిద్ర కూడా ఇక్కడే. శాలువాలు కప్పుకుని వస్తున్నారు. మొండయ్య శాలువా మడతల్లో నేను రెండు ఎండు తుమ్మకాయలు పెట్టాను. నిద్రలో దొర్లినప్పుడల్లా గలగలమన్నాయి. ఎలుక అనుకుని ఐదుగురూ లేచారు. నా మీద ఎవరికీ కోపం రాలేదు. ఇంత చల్లటి చోట కోపం ఎలా వస్తుంది. నాకే చప్పగా అనిపించింది.

బయట మాత్రం కొట్లాటలు రోజురోజుకీ పెరుగుతున్నాయి. వచ్చేవాళ్ళంతా ఇప్పుడు నాలుగో గల్లీ వాళ్ళే; వరసలో నిలబడుతున్నారు, వరసలో మళ్ళీ కొట్టుకుంటున్నారు. నా కళ్ళు మూతలు పడుతున్నాయి. వాళ్ళ రక్తమే వేడి అని అందరూ అంటున్నారు. నేను ఇంకో రెండు కలిపాను: నాలుగో గల్లీ దోమ కుడితే జ్వరం కాదు, తగాదా వస్తుంది; నాలుగో గల్లీ కోడి గుడ్డు పెట్టదు, పిడిగుద్దు పెడుతుంది. బాగా పేలాయి.

స్వరూప రెండోసారి వచ్చింది. నాలుగో గల్లీ గాలి తలుపు బందులకు నూనె పోయడానికి పోయిన రాయమల్లును టిఫిను డబ్బాతో కొట్టిందట. అతనూ వచ్చాడు, నుదుటి మీద బొప్పి.

"గాలి అస్తలేదన్నా. గాలి అస్తలేదంటె నూనె పోస్తడేంది" అంది.

రాయమల్లు బొప్పి తడుముకున్నాడు. బల్ల రెండో చివర కూర్చుని మజ్జిగ తాగాడు. చల్లబడ్డాక అడిగాను.

"ఎంత మిగిలింది?"

స్వరూప రాయమల్లు వైపు చూసింది. "కొంచెం" అంది.

వెనక ఇంకా ఆరుగురున్నారు. ఇద్దరు అప్పటికే జుట్లు పట్టుకున్నారు. కొంచెం అని రాస్తే పెద్దలను లేపాలి, వాళ్ళు నిద్రలో ఉన్నారు. "కొంచెం అంటె మజ్జిగల ఉప్పంత, గద? తాగితె పోతది తియ్" అని నవ్వించబోయాను. ఆమె నవ్వలేదు. మిగిలింది: లేదు.

రోహిణి కార్తె, రెండో రోజు

రోహిణిలో రోళ్ళు పగులుతాయంటారు. పైన రోళ్ళు లేవు, పగలడానికి.

మా రెండో గల్లీ కప్పుకు కొత్త దుంగలు ఆనిస్తున్నారు. అంతవరకు మమ్మల్ని తలా ఒక చోటికి పంచారు. రాజవ్వకు తన చెల్లెలి ఇల్లు దొరికింది. నాకు నాలుగో గల్లీ దొరికింది, స్వరూప వాళ్ళ వరసలో, పగటి నిద్రకు ఒక ముసలాయన పక్కన చాప.

ముసలాయన గురక పెట్టాడు. పడుకున్నవాడు గురక పెట్టడా. కానీ కాసేపటికి నాకు ఒక సంగతి స్పష్టంగా తెలిసిపోయింది. ఆయన నన్ను ఉద్దేశించే పెడుతున్నాడు. నేను అటు తిరిగితే పెంచుతున్నాడు, ఇటు తిరిగితే మధ్యలో ఆపి నా అవస్థ చూసి మళ్ళీ మొదలుపెడుతున్నాడు. నా వీపు చాపకు అంటుకుపోయింది. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. జన్మలో ఎవరినీ కొట్టనివాణ్ణి, లేచి చెప్పు చేతిలోకి తీసుకున్నాను. ఎత్తాను కూడా. ముసలాయన కళ్ళు తెరిచి, "దప్పిక అయితాందా బిడ్డా" అని తన చెంబు నా వైపు జరిపాడు. చెప్పు కింద పెట్టి నీళ్ళు తాగాను. నీళ్ళు కూడా వేడిగానే ఉన్నాయి.

లేచి రాజవ్వ దగ్గరికి పోయాను. అంబలి పోసి, ఉల్లిగడ్డ మర్చిపోయింది. మా పెళ్ళినాటి నుంచి ఆమె నన్ను లెక్కచేయలేదని ఆ ఉల్లిగడ్డ మీద నిలబెట్టి నిరూపించాను. ఆమె నా నుదుటి మీద చెయ్యి పెట్టింది.

"నాలుగో గల్లీల పన్నవా?"

"అవు."

"ఒక్క పగటికే గిట్లయినవ్. వాళ్ళు ఎన్ని కార్తెల నుంచి పంటాన్రు?"

రోహిణి కార్తె, మూడో రోజు

నా తలగుడ్డలోంచి ఒక దారం పోగు లాగి, నాలుగో గల్లీ గాలి తలుపు ముందు పట్టుకున్నాను. తలుపు బెత్తెడే తెరిచి ఉంది. పోగు చచ్చిన పాములా వేలాడింది. చల్లగదికి వస్తే నా కాగితం ముక్క జెండాలా ఎగురుతోంది. ఏడో తరగతి రెండుసార్లు చదివినవాడికి కూడా అర్థమైంది.

రాయమల్లును పట్టుకున్నాను.

"గాలి ఒక్కటే ఓదెలూ" అన్నాడు. "బాయి అడుగున పాతనీళ్ళ మీదికెళ్ళి ఫ్యాను ఎంత గుంజుతె గంతే. ఒక తలుపు తెరిస్తె ఇంకోటి ముయ్యాలె. చల్లగదికి పెంచుమన్నరు. దానికి దగ్గరి తలుపు నాలుగో గల్లీది."

"పెంచుమని ఎవలు చెప్పిన్రు?"

రాయమల్లు నా మొహం చూశాడు. "నువ్వే గదనె అడిగింది."

కొట్టుకుంటున్నారని చల్లగదికి గాలి తెచ్చాం. ఆ గాలి పోయినందుకు వాళ్ళు ఇంకా కొట్టుకున్నారు. అందుకని ఇంకా తెచ్చాం. నా జోకులు కూడా ఆ గాలితోనే చల్లగా కూర్చుని అల్లాను.

మొండయ్య దగ్గరికి పోయాను. నా గొంతు కొంచెం పెద్దదైందట. "చల్లబడ్డంక మాట్లాడుదాం ఓదెలూ" అని నన్ను నా గదిలోనే, నా బల్ల మీదనే కూర్చోబెట్టాడు. రెండో చివర ఆయనే కూర్చున్నాడు. మజ్జిగ ఇచ్చాడు. పాఠం చదివించాడు.

ఇది రాయడానికి సిగ్గుగా ఉంది కానీ రూలు రూలే. చెమట ఆరింది. గుండె నెమ్మదించింది. గిన్నె ఖాళీ అయ్యేసరికి నాకే అనిపించింది: అంత వేడేం లేదేమో. ముసలాయన పక్కన ఎవరికైనా అలాగే ఉంటుందేమో. వాళ్ళకు అలవాటేమో.

"ఎంత మిగిలింది?" అన్నాడు మొండయ్య.

"ఏం లేదు" అన్నాను. అనేశాక గుమ్మం దాటి నాలుగు అడుగులు వేశానో లేదో, వేడి మొహానికి కొట్టింది. మిగిలిందంతా అక్కడే నా కోసం నిలబడి ఉంది. ఈ గదిలోకి వచ్చిన ప్రతివాడికీ ఇదే జరిగిందన్నమాట. పాత కాపరి గొప్ప ఇదన్నమాట.

సాయంత్రం స్వరూపను మూడోసారి తీసుకొచ్చారు. గునపంతో నాలుగో గల్లీ తలుపు గడియ విరగ్గొట్టబోయిందట. ఎవరినీ కొట్టలేదు, అరవలేదు. గునపం పట్టుకుని కూర్చుని నెమ్మదిగా పొడుస్తుంటే పట్టుకున్నారు. రేపు పగలు పెద్దల సభ. సభ అంటే ఏముంది, పైకి పంపే రోజు చెప్తారు.

"నీ చొక్కాకు లోపల రెండు పొరలు వేసుకో" అన్నాను, ఏం అనాలో తెలియక.

"కుట్టిన" అంది. "నిన్ననే కుట్టిన."

రోహిణి కార్తె, నాలుగో రోజు

పొద్దున్నే వచ్చి గాలి తూములో గోనె గుడ్డలు కుక్కాను. నిండా కుక్కాను. గుమ్మానికి కూడా పరదా వేశాను. తర్వాత తూము ముందు కాగితం ముక్కకు సన్నటి దారం కట్టి, ఆ దారాన్ని గోడ వెంబడి కిందికి తెచ్చి నా కాలి బొటనవేలికి కట్టుకున్నాను. మూల పీట మీద కూర్చుని వేలు ఆడిస్తే కాగితం రెపరెపలాడుతుంది. చూసినవాడు గాలి దంచికొడుతోంది అనుకుంటాడు.

పెద్దలు ఐదుగురూ శాలువాలు కప్పుకుని వచ్చారు. రాయమల్లు వచ్చాడు. స్వరూపను మధ్యలో నిలబెట్టారు.

మొదట బాగానే ఉంది. కాసేపటికి మొండయ్య మెడ మీద చెమట దారి కట్టింది. కాగితం వైపు చూశాడు. ఎగురుతోంది. శాలువా సర్దుకున్నాడు. చల్లటి గదిలో శాలువా తీస్తే రోగమొచ్చిందంటారని ఐదుగురిలో ఒక్కడూ తీయలేదు. నా వేలు నొప్పెట్టడం మొదలైంది.

"ఏందయ్యా, నేను మాట్లాడుతాంటె నిట్టూరుస్తవ్?" అన్నాడు ఒక పెద్దమనిషి పక్కాయనతో.

"నా ముక్కు, నా ఊపిరి. నీకు చెప్పి తీసుకోవాల్నా?"

"మెల్లగ. మనం చల్లగదిల ఉన్నం" అన్నాడు మూడో ఆయన.

"నాకు పాఠం చెప్తున్నవా? నీ అల్లునికి చెప్పుకో."

రాయమల్లు తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. మొండయ్య అది చూశాడు.

"ఎందుకు తుడుస్తున్నవ్ రా మొహం?"

"ఊకెనే సర్దార్."

"ఊకెనే ఎవడన్న తుడుస్తడా? నేను మాట్లాడుతె నీ మీద తుంపర్లు పడుతున్నయా? అందరి ముందట చూపెడుతున్నవా?"

"లేదు సర్దార్, జర ఉక్కగ..."

"చల్లగదిల ఉక్క ఏంది రా? నన్ను పిచ్చోన్ని చేస్తున్నవా?" మొండయ్య లేచాడు. ఈ పదేళ్ళలో ఆయన గొంతు పెంచడం నేను వినలేదు. మజ్జిగ కుండ ఎత్తి రాయమల్లు మీదికి విసిరాడు. రాయమల్లు వంగాడు. కుండ గోడ మీది ఎండ పాఠానికి తగిలి పగిలింది. 'ఎదురుగా ఎవరుంటే' అన్న మాట మీదుగా మజ్జిగ కారింది.

నేను వేలు ఆపాను. కాగితం వాలిపోయింది.

ముందు చూసింది స్వరూప. అప్పటిదాకా ఆ గదిలో నిలకడగా ఉన్నది ఆమె ఒక్కతే. వాలిన కాగితం చూసింది, దారం వెంబడి చూసింది, నా వేలు చూసింది. ఆమె మూతి వంకర పక్క మెల్లగా కదిలింది.

"గిది మా గల్లీ గాలే" అంది. "పొద్దుగాల గిట్లనే ఉంటది. పగటికి ఇంకింత అయితది."

నేను లేచి దారం విప్పుకున్నాను. బొటనవేలు నీలంగా అయింది. కాపరిగా నా పని నేను చేశాను.

"సర్దార్, ఎంత మిగిలింది?"

మొండయ్య పగిలిన కుండ చూశాడు. రాయమల్లును చూశాడు. కూర్చుని శాలువా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "నాది కాదు గది" అన్నాడు. "ఎండది."

"ఎండదే" అంది స్వరూప. "గీ గదిలకు ఎండను తెచ్చింది ఓదెలన్న. మా గల్లీలకు తెచ్చింది ఎవలు?"

మొండయ్య చెడ్డవాడు కాదు. నాలుగో గల్లీ గాలి నాలుగో గల్లీకి ఇచ్చేయమని రాయమల్లుకు చెప్పాడు. ఎండ ఉన్నచోట నుంచి వచ్చినవాళ్ళను లెక్కపెట్టడం తప్పని, స్వరూప మూడుసార్లనూ పుస్తకంలోంచి కొట్టేశాడు. ఆ తర్వాత నా వైపు తిరిగాడు.

"బాయిల గాలి ఆపినోడు పైకి పోవాలె. ఎందుకు ఆపినా సరే. గా రూలు నేను పుట్టక ముందుది ఓదెలూ."

"తెలుసు సర్దార్."

"మరి ఎందుకు చేసినవ్ రా?"

"తుమ్మకాయలకు మీకు కోపం రాలేదు. మనసు కష్టమైంది" అన్నాను.

ఒకరిద్దరు నవ్వారు. ఆయన నవ్వలేదు. స్వరూప రెండు పొరల చొక్కా నాకు ఇచ్చింది. భుజాల దగ్గర బిగుతు.

మృగశిర కార్తె, మిరుగు మొదటి రోజు

వాన పడింది. పైపని వాళ్ళను దింపేశారు.

పైన సంగతి ఎక్కువ రాయలేను, పెన్ను నిలవడం లేదు. ఒక్కటే చెప్పాలి. డాక్టర్ల పాఠంలో లేనిది. మరీ వేడెక్కితే కోపం కూడా రాదు. మొదటి రెండు రోజులు పలకల మీద కోపం, దుమ్ము మీద కోపం, మొండయ్య మీద, చొక్కా భుజాల మీద. తర్వాత ఏమీ లేదు. నీడ ఒక్కటే కావాలి. ఎవడైనా వచ్చి చెంపమీద కొట్టినా, కొట్టడానికి వంగినప్పుడు వాడి నీడ నా మీద పడుతుంది కదా అని సంతోషించేవాణ్ణి.

దిగుతుంటే నాలుగో గల్లీ దగ్గర ఆగాను. తలుపు బార్లా తెరిచి ఉంది. రాయమల్లు అక్కడే ఉన్నాడు.

"పిడి ఇరిగింది ఓదెలూ. ఇగ ముయ్యరాదు. కొత్తది దొరుకుతలేదు" అన్నాడు. పిడి అతని నడుముకు, పంచెలో దోపి ఉంది. నేను చూశానని అతనికి తెలుసు. ఇద్దరం వాన గురించి మాట్లాడుకున్నాం.

చల్లగది ఇప్పుడు అంత చల్లగా లేదు. పెద్దలు నిద్రకు రావడం మానేశారు. కొత్త కాపరి స్వరూప. పైనుంచి దిగినవాళ్ళు ఇంటికి పోయే ముందు ఇక్కడ కూర్చోవాలని ఆమె కొత్త రూలు పెట్టిందట. మిరుగు కనుక ఇంగువ బెల్లం ఉండ నా చేతిలో పెట్టింది, మజ్జిగ ఇచ్చింది, నా బల్ల మీద ఒక చివర నన్ను కూర్చోబెట్టి రెండో చివర తను కూర్చుంది.

"ఎంత మిగిలిందన్నా?"

"ఏం లేదు. రాజవ్వ చూస్తాంటది, పోతా."

"నేను కొంచెం అన్ననాడు నువ్వు లేదు అని రాసినవ్" అంది. "ఇక్కడ కూసున్నంక అన్ని చదివిన. నాలుగో గల్లీ కోడి ముచ్చట గూడ."

నా నోట్లో బెల్లం కరగలేదు. అలాగే ఉంది.

"నేను గట్ల రాయ. చెప్పు" అంది. గొంతులో కోపం లేదు, తొందర లేదు. వెనక వరస కూడా లేదు.

నేను లేస్తే ఆమె పడుతుంది. ఆమె లేస్తే నేను పడతాను. బల్ల చేసినవాణ్ణి నేనే, ఎవరిని ఏమనను. మజ్జిగ అయిపోయింది. పైన వాన చప్పుడు ఇక్కడిదాకా వినబడదు కానీ గోడ తడిసిన వాసన వస్తోంది.

తర్వాత ఆమెకు చెప్పాను. ఆమె ఈ పుస్తకం, పెన్ను నా వైపు జరిపి, నువ్వే రాయి అంది.

మిగిలింది: కొంచెం.